సముద్రం వెళ్లిపోయిన నేలలో ఉప్పునీటి తొట్టి

పల్నాడులో పాత ఇళ్ల వసారాల్లో పరిచిన నాపరాళ్లు ఒకప్పుడు సముద్రపు అడుగు. మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ల చుట్టూ నేల కింద పరుచుకున్న సున్నపురాయి యాభై కోట్ల ఏళ్లకు ముందే లోతులేని సముద్రంలో పొర మీద పొరగా పేరుకున్న బురద. అదే గట్టిపడి రాయైంది. భూగర్భ శాస్త్రవేత్తలు ఇందులో ఒక ముఖ్యమైన పొరను నార్జి సున్నపురాయి అంటారు. ఆ సముద్రం ఎప్పుడో వెళ్లిపోయింది. పేరేచర్ల నుంచి కొండమోడు వెళ్లే రోడ్డు మీదున్న రాజుపాలెం వాళ్లు ఇప్పుడు అలలు చూడాలంటే గుంటూరు మీదుగా బాపట్ల సూర్యలంక దాకా సుమారు వంద కిలోమీటర్లు పోవాలి.

రైళ్లు రాకముందు ఈ సీమకు సముద్రం ఉప్పు రూపంలోనే చేరేది. కోస్తా కొఠార్లలో పండిన ఉప్పును లంబాడీలు పెరికెల్లో నింపి, ఎద్దుల మీద వేసి, బారులు బారులుగా దక్కను లోపలి ఊళ్లకు తోలుకుపోయేవారు. ఇప్పుడు ఇలాంటి ఊళ్లో హాలులో గాజు తొట్టి పెట్టుకుని ఉప్పునీటి చేపలు పెంచుదామనుకునేవారికి అదే చిక్కు కొత్త రూపంలో ఎదురవుతుంది. వారానికో రెండు వారాలకో తొట్టిలో కొంత నీరు తీసేసి, అంతే కొత్త నీరు పొయ్యాలి. తియ్యడం తేలికే. పొయ్యడానికి సముద్రం ఎక్కడిది? ఈ ప్రశ్నకు జవాబు కుదరడానికి వందేళ్ల పైనే పట్టింది. ఆ కథలో సున్నం అడుగడుగునా కనిపిస్తుంది కాబట్టి పల్నాడు వాళ్లకు అది మరీ పరాయి కథేమీ కాదు.

1846లో అన్నా థిన్ అనే ఇంగ్లీషు ఆవిడ టార్కీ తీరంలో రాతిపగడాలను చూసి ముచ్చటపడింది. ఆవిడ భర్త లండన్ వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో మతాధికారి. పగడాలను ప్రాణంతో ఇంటికి చేర్చాలని వాటిని సూదీదారంతో స్పాంజికి కుట్టి, రాతి జాడీలో సముద్రపు నీళ్లు పోసి అందులో పెట్టి తెచ్చింది. తీరం నుంచి నీళ్లు తెప్పించి రోజు విడిచి రోజు మార్చేది. ఆ నీళ్లు చాలక ఇంకో ఉపాయం పన్నింది. ఉన్న నీటినే తెరిచిన కిటికీ ముందు ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి, అందులోంచి మళ్లీ ఇందులోకి పొయ్యడం. అలా చేస్తే నీటికి గాలి పడుతుంది. ఈ పని ఇంటి పనిమనిషి చేతుల మీద సాగింది. రోజూ అరగంటో ముప్పావుగంటో ఆమె నీళ్లు ఎత్తి పోసేది. మరుసటి ఏడాది జాడీలో సముద్రపు నాచు కూడా వేశాక ఆమెకు కొంత ఊరట దొరికింది. థిన్ రాసిన వివరాలు 1859లో ఒక శాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి. పనిమనిషి పేరు మాత్రం చరిత్రకెక్కలేదు. సముద్రానికి దూరంగా సముద్రపు జీవులు బతికాయంటే మొదటి కారణం ఆమె భుజాల సత్తువే. ఉప్పునీటి తొట్టి చరిత్ర రాసేవాళ్లు ఆమెను మొదటి పేజీలో తలుచుకోవాలి.

1853 మే నెలలో లండన్ జంతుశాలలో ప్రజల కోసం చేపల ఇల్లు తెరిచారు. అందులో సాయపడ్డ ఫిలిప్ హెన్రీ గోస్ మరుసటి ఏడాదే సముద్రపు నీటిని ఇంట్లో తయారుచేసే పద్ధతి చెప్పాడు. సముద్రం దగ్గరలేని వాళ్లకు అది వరం. సుమారు నాలుగున్నర లీటర్ల మంచినీటిలో మూడున్నర ఔన్సుల మామూలు ఉప్పు, పావు ఔన్సు ఎప్సమ్ సాల్ట్, కొద్దిగా మెగ్నీషియం క్లోరైడు, ఇంకా కొద్దిగా పొటాషియం క్లోరైడు. అంతే. సముద్రంలో సున్నం కూడా ఉంటుందని ఆయనకు తెలుసు. అయినా కలపలేదు. మామూలు మంచినీటిలోనే కావలసినంత సున్నం ఉంటుందని వదిలేశాడు. పల్నాడు బోరు నీళ్లు తాగినవాళ్లు ఈ మాట చదివితే వెంటనే ఒప్పుకుంటారు. ఇక్కడ నీళ్లు కాచిన గిన్నె అడుగున పట్టే తెల్లటి పెచ్చు ఆ సున్నమే.

గోస్ చేసింది లెక్కగట్టిన ఊహ. దానికి గట్టి ఆధారం తర్వాత దొరికింది. 1872 నుంచి 1876 వరకు ప్రపంచ సముద్రాలు తిరిగిన ఛాలెంజర్ నౌక తెచ్చిన 77 నమూనాలను విలియం డిట్మార్ పరీక్షించి 1884లో ఫలితం ప్రకటించాడు. ఏ సముద్రంలోనైనా ఉప్పు మొత్తం ఎక్కువ తక్కువలు కావచ్చు గానీ, అందులోని పదార్థాల పాళ్లు దాదాపు ఒకటేనని తేలింది. లీటరు సముద్రపు నీటిలో సగటున 35 గ్రాముల ఉప్పులు ఉంటాయి. అందులో వంటింటి ఉప్పు నాలుగింట మూడు వంతులకు కాస్త పైన. మిగిలిన వంతులోనే మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం ఇమిడి ఉంటాయి. కిరాణా కొట్టు ఉప్పు మాత్రమే కలిపిన నీటిలో సముద్రపు చేప బతకనిది ఈ వంతు లేకే.

ఇంకో దారి వెతికినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. లండన్‌లో అక్వేరియం సామాను అమ్మే కొట్టు నడిపి, తర్వాత 1864లో హాంబర్గు జంతుశాలకు, 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌కు అక్వేరియంలు కట్టించాడు. ప్రదర్శన తొట్టెల కింద, వాటికంటే ఎన్నో రెట్లు పెద్దదైన చీకటి గుంత కట్టి, నీటిని ఆవిరియంత్రంతో కిందికీ పైకీ తిప్పుతూనే ఉండటం ఆయన పద్ధతి. నీరు ఎప్పుడూ కదులుతూ, గాలి పీలుస్తూ ఉంటే ఏళ్ల తరబడి మార్చకుండా నడిపించవచ్చని నమ్మాడు, చాలావరకు నిరూపించాడు. పెద్ద నీరు నిదానంగా పాడవుతుంది, చిన్న నీరు ఒక్క రాత్రిలో పాడవుతుంది. కొత్తవాళ్లు చిన్న తొట్టి తేలికనుకుని దానితో మొదలుపెట్టి దెబ్బతినడానికి కారణం ఇదే.

తెలుగువాళ్లకు ఈ సంగతులు చేరువైంది మద్రాసులో. 1909 అక్టోబరులో మెరీనా తీరంలో దేశంలోనే మొదటి సముద్ర అక్వేరియం తెరుచుకుంది. దాన్ని కట్టించడానికి పూనుకున్నవాడు మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్స్టన్. తెలుగునాట ఆయన పేరు దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు రాసినవాడిగానే తెలుసు. అవీ 1909లోనే వచ్చాయి. అయితే అంతకు చాలా ముందే, 1890లో, ఆయన మన్నారు సింధుశాఖ ముత్యపు చిప్పలు, శంఖాలు, సముద్ర జీవుల మీద పుస్తకం వేశాడు. అక్వేరియం తెరిచేనాటికి గుంటూరు జిల్లా ఏర్పడి అయిదేళ్లు. పల్నాడు తాలూకా అందులో భాగం, జిల్లా మద్రాసు రాజధానిలో భాగం. కోర్టు పని మీదో చదువు మీదో మద్రాసు వెళ్లిన తెలుగువాళ్లకు గాజు వెనక ఈదే సముద్రపు చేప అక్కడే చూపుకందింది. 1919లో అక్వేరియం మత్స్యశాఖ చేతికి వెళ్లింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మూతపడింది. 1951లో బొంబాయిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన తారాపోర్‌వాలా అక్వేరియం, తర్వాత విశాఖ బీచిలో వెలసిన మత్స్యదర్శిని కూడా సముద్రం ఒడ్డునే కట్టినవి.

నీళ్లు ఎందుకు మార్చాలన్నదానికి అసలు జవాబు అక్వేరియంల వాళ్లు కాకుండా మురుగునీటి వాళ్లు చెప్పారు. 1877లో ఫ్రాన్సులో ష్లోజింగ్, ముంజ్ అనే ఇద్దరు ఒక పొడవాటి గాజు గొట్టంలో ఇసుక, సున్నపురాయి నింపి, పైనుంచి మురుగునీరు కొద్దికొద్దిగా వదిలారు. సుమారు 20 రోజులు ఏ మార్పూ లేదు. ఆ తర్వాత కింద దిగే నీటిలో అమ్మోనియా తగ్గి నైట్రేటు కనిపించసాగింది. క్లోరోఫాం ఆవిరి పంపితే ఆ మార్పు ఆగిపోయింది. అంటే ఆ పని చేస్తున్నది రాయి కాదు, రాయి మీద కాపురం పెట్టిన సూక్ష్మజీవులు. 1890లో వినోగ్రాద్స్కీ ఆ బాక్టీరియాను వేరుచేసి చూపించాడు. తొట్టిలో చేప విసర్జనలు, మిగిలిన మేత అమ్మోనియాగా మారతాయి. అది చేపకు విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఇంకో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు అంత ప్రమాదం కాదు గానీ పేరుకుపోతుంది. దాన్ని బయటికి పంపడానికే ప్రధానంగా నీరు మార్చడం. గాజు గొట్టంలోని ఆ 20 రోజుల నిరీక్షణే ఇవాళ కొత్త తొట్టిలో చేపలు వేయకుండా ఆగే నెల, నెలన్నర. ఓపిక లేక మొదటి వారమే చేపలు తెచ్చినవాళ్లు వాటిని పోగొట్టుకుంటారు.

1961లో జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రంలోంచి జీవరాశితో నిండిన రాళ్లు తెచ్చి తొట్టిలో పేర్చి, సన్నగా గాలి బుడగలు వదిలి, పగడాలను బతికించానని ఒక పత్రికలో రాశాడు. అవి పగడాలు వదిలిన సున్నపురాళ్లే. 1970ల్లో జర్మన్ భాషలో రాసిన పీటర్ విల్కెన్స్ ఇంకో అడుగు వేశాడు. పగడం తన గూడు కట్టుకోవడానికి నీటిలోని కాల్షియాన్ని వాడేసుకుంటుంది, దాన్ని తిరిగి ఇవ్వాలంటే సున్నపు తేట పొయ్యాలని చెప్పాడు. సున్నం నీళ్లలో కలిపి కదపకుండా వదిలేస్తే పైన తేరే ఆ తేట మన పెద్దవాళ్లకు తెలియనిది కాదు. ఆవిరైపోయిన నీటి స్థానంలో దాన్ని రాత్రిపూట చుక్కలు చుక్కలుగా వదులుతారు. సున్నం బట్టీలకు పేరుపడ్డ పిడుగురాళ్ల రాజుపాలెం పక్కనే ఉంది. కానీ బజారులో దొరికే సున్నంలో ఏమేం కలిసి ఉంటాయో చెప్పలేం. తొట్టికి శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడే వాడాలి, అదీ ఒక్కసారిగా గుమ్మరించకూడదు.

1960ల్లో అమెరికా ఒహాయో రాష్ట్రం నుంచి ఇన్‌స్టంట్ ఓషన్ పేరుతో సముద్రపు ఉప్పు మిశ్రమం బజారుకొచ్చింది. గోస్ చీటీలో లేని కాల్షియంతో సహా అన్నీ కలిపిన పొడి. దాదాపు అదే కాలంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతదేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి ఉప్పును ఆపి నీటిని మాత్రం వదిలే పలుచని పొరను తయారుచేశారు. సముద్రపు నీటిని తాగునీరు చేయడానికి పుట్టిన ఆ ఆర్వో పద్ధతే ఇవాళ పల్నాడు ఊరూరా వాటర్ ప్లాంటుల్లో నడుస్తోంది. మంచినీటిని సముద్రపు నీరు చెయ్యాలన్నా మొదట కావలసింది అదే 20 లీటర్ల క్యాను. గోస్ కాలంలో సున్నమున్న నీరు పనికొచ్చింది. ఇప్పటి మిశ్రమంలో కాల్షియం ముందే ఉంది కనుక బోరు నీటి సున్నం అదనపు బరువు. పైగా పొలాల ఎరువుల నుంచి దిగిన నైట్రేటు కూడా బోరులో ఉండవచ్చు.

నీరు మార్చడం ఎంత ముఖ్యమో, ఎంత ప్రమాదమో కోస్తా రొయ్యల రైతుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1990ల మొదట్లో నెల్లూరు, ప్రకాశం నుంచి పైకి టైగర్ రొయ్య చెరువులు ఇబ్బడిముబ్బడిగా లేచాయి. నీరు ముదిరితే మోటారు పెట్టి పాత నీరు తోడి, కొత్త నీరు పెట్టడం అప్పటి పద్ధతి. ఒకరు వదిలిన నీరే పక్కవాడి మోటారు లాగేది. 1994 నుంచి తెల్లమచ్చ రోగం అదే దారిన ఊళ్లను చుట్టేసింది, ఎన్నో కుటుంబాలు అప్పులపాలయ్యాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువుల మీద తీర్పు ఇచ్చింది. రైతులు నీరు మార్చడం తగ్గించి, పెట్టే నీటిని ముందు వేరే గుంతలో నిలవబెట్టి బ్లీచింగు చేసి వాడటం నేర్చుకున్నారు. ఇవాళ చెరువు గట్టు మీద రైతు సెలైనిటీని, అంటే నీటిలోని ఉప్పును, పీపీటీల్లో (వెయ్యికి ఎన్ని పాళ్లో) చెబుతాడు. హాలులో తొట్టి పెట్టుకున్నవాళ్లు నేర్చుకోవలసిందీ అదే. కొత్త నీటిని ముందు వేరుగా సిద్ధం చెయ్యాలి.

ఇక పని చేసే తీరు. వంద లీటర్ల తొట్టికి ఒకసారికి పది లీటర్లు చాలు. ముందురోజే శుభ్రమైన బకెట్టులో ఆర్వో నీరు పోసి, లీటరుకు 35 నుంచి 38 గ్రాముల మిశ్రమం కొద్దికొద్దిగా వేస్తూ, చిన్న పంపు పెట్టి రాత్రంతా తిరగనివ్వాలి. మొదట నీరు పాలలా మసకబారి, తర్వాత తేరుకుంటుంది. తెల్లారి ఉప్పును కొలిచే రిఫ్రాక్టోమీటరు గాజు మీద ఒక చుక్క వేసి వెలుతురుకు ఎత్తి చూస్తే నీలం, తెలుపు కలిసే గీత 35 దగ్గర నిలవాలి. అప్పుడు తొట్టి పంపు, హీటరు ఆపి, ట్యూబుతో అడుగున ఇసుక మీది మడ్డిని పీలుస్తూ పది లీటర్లు బయటికి లాగాలి. రెండు నీళ్ల వేడీ ఒకటే అని చూసుకుని కొత్తది నిదానంగా పొయ్యాలి. నైట్రేటు పది లక్షలకు 40 పాళ్లు ఉంటే పదో వంతు మార్చాక 36 అవుతుంది. సగం మారిస్తే ఒక్కసారే 20కి దిగుతుంది గానీ ఆ కుదుపు చేపలు తట్టుకోలేకపోవచ్చు.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇంకోచోట. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలుసు, రాజుపాలెంలోనూ వేసవిలో తొట్టి నీరు రోజూ దిగుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. అందుకని తగ్గిన మట్టాన్ని వట్టి ఆర్వో నీటితోనే నింపాలి. ఉప్పునీరు పోస్తూ పోతే కొన్ని వారాల్లో తొట్టి ఉప్పు కొఠారు అవుతుంది. సూర్యలంక నుంచి క్యాన్లలో నీళ్లు తెచ్చుకుందామనుకునేవారు కృష్ణ వరదలప్పుడు మానుకోవాలి. నది నీరు కలిసి తీరంలో ఉప్పు బాగా పడిపోతుంది.

పగడాలు, నీటిగుర్రాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి, సముద్రంలోంచి తీసినవి ఎవరు అమ్మచూపినా కొనవద్దు. చివరిగా ఒక మనవి. తీసిన ఉప్పునీటిని మిరప మడిలోకో, సాగర్ కాలవలోకో, చెట్ల మొదట్లోకో పొయ్యవద్దు. 20 లీటర్లలో దాదాపు 700 గ్రాముల ఉప్పు ఉంటుంది. బాత్రూం తూములో పోసి వెంట రెండు బకెట్ల మంచినీళ్లు వదిలితే చాలు.