ఐదున్నర నిమిషాల వెనుక నూటనలభై ఏళ్లు

2022 మార్చిలో ఒక అర్ధరాత్రి నోయిడా వీధుల్లో భుజాన సంచితో పరుగెత్తుతున్న పందొమ్మిదేళ్ల కుర్రవాణ్ణి ఒక సినీ దర్శకుడు కారులోంచి చూశాడు. ఇంటి దగ్గర దింపుతాను, ఎక్కమన్నా అతడు ఎక్కలేదు. ఎక్కితే ఆనాటి సాధన పోతుందన్నాడు. ఫాస్ట్‌ఫుడ్ దుకాణంలో పని ముగించుకుని, పది కిలోమీటర్ల అవతల ఉన్న గదికి రోజూ పరుగునే వెళతాడు. పొద్దున వంట చేసుకుని పనికి పోవాలి కనుక అతనికి దొరికే వేళ అదొక్కటే. సైన్యంలో చేరడం అతని లక్ష్యం. ఆ వీడియోను దేశమంతా చూసింది, నాయకులు పట్టుదలకు ప్రతీక అని మెచ్చుకున్నారు. అతడు సిద్ధపడుతున్న ఉద్యోగానికి అప్పటికి రెండేళ్లుగా నియామకాలే లేవన్న సంగతిని ఆ మెచ్చుకోళ్లలో తలచినవారు తక్కువ.

మూడు నెలలకు, జూన్ 14న, కేంద్రం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించింది. జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో బోగీలు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంతపు యువకుడు ఒకడు మరణించాడు. ఆ రోజు ప్లాట్‌ఫారాల మీదికి వచ్చినవారిలో చాలామంది 2021 ర్యాలీలో పరుగూ వైద్యపరీక్షా దాటి, రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్నవారు. వాయిదా మీద వాయిదా పడిన ఆ పరీక్ష చివరకు రద్దయింది. వారి ఆగ్రహాన్ని శాంతిభద్రతల సమస్యగానో ప్రతిపక్షాల కుట్రగానో చూసినవారికి ఒక విషయం అంతుబట్టలేదు. వారు పోగొట్టుకున్నది హాల్‌టికెట్ ఒక్కటే కాదు. రెండు మూడేళ్లు కష్టపడి ఒక కొలతకు తెచ్చుకున్న దేహం కూడా పోయింది. రాతపరీక్షకు చదివిన చదువు మరో రాతపరీక్షకు పనికొస్తుంది. పరుగుకు సిద్ధమైన కాళ్లు వయోపరిమితి దాటితే దేనికీ పనికిరావు.

ఆ కొలత ఏమిటో చూడాలి. భారత సైన్యపు నియామక ర్యాలీలో ప్రధాన పరీక్ష 1.6 కిలోమీటర్ల పరుగు. మెట్రిక్ కొలతలు దేశంలో 1958 నుంచి అమలులోకి వచ్చినా, సిపాయి ఇప్పటికీ పరుగెత్తేది ఆంగ్లేయుల మైలే, కిలోమీటర్ల వేషంలో. ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే 60 మార్కులు, ఆపై పదిహేను సెకన్ల వరకు 48. ఆ తరువాత వచ్చినవాడు ఇంటికి పోవలసిందే అన్నది చాలాకాలం సాగిన నియమం. 2025 నుంచి ఆరుంపావు నిమిషాల వరకు తక్కువ మార్కులతో వెసులుబాటు ఇచ్చారు. బీమ్ పట్టుకుని పది పుల్‌అప్స్ తీస్తే 40 మార్కులు, ఆరు తీస్తే 16. తొమ్మిదడుగుల కందకం దూకడం, వంకర దుంగ మీద నడవడం గట్టెక్కితే చాలు. ఛాతీ 77 సెంటీమీటర్లు ఉండాలి, ఊపిరి పీల్చినప్పుడు ఐదు సెంటీమీటర్లు పెరగాలి.

ఐదున్నర నిమిషాలంటే నాలుగు వందల మీటర్ల ట్రాక్ మీద చుట్టుకు ఎనభైరెండున్నర సెకన్లు, వరుసగా నాలుగు చుట్లు. రోజూ చెరువు గట్టున ఎనిమిది కిలోమీటర్లు నింపాదిగా పరుగెత్తే కుర్రవాడికి దమ్ము వస్తుంది గాని ఈ వేగం రాదు. నాలుగు వందల మీటర్లు గట్టిగా పరుగెత్తి, కాస్త తేరుకుని, మళ్లీ పరుగెత్తే సాధన నెలల తరబడి చేయాలి. పిక్క ఎముక నొప్పి మొదలైతే ఆపాలి, ఆపితే వెనకబడతాననే భయం. కొలిచిన ట్రాక్ ఉన్న మండలాలు ఎన్ని? తారురోడ్డు మీద, హైవే అంచున, తెల్లవారకముందే సాగే ఈ సాధనలో వాహనాల కింద పడినవారి వార్తలు జిల్లా పేజీల్లో వస్తూనే ఉంటాయి. రిటైరైన హవల్దార్లు, సుబేదార్లు నడిపే అకాడమీలు పుట్టుకొచ్చింది ఈ లోటులోంచే. పాలు, గుడ్లు, బూట్లు, అకాడమీ ఫీజు, ఈ ఖర్చంతా భరించేది కుటుంబం. రాజ్యం స్టాప్‌వాచ్ పట్టుకుని చివరి గీత దగ్గర నిలబడుతుంది.

ఇంతకీ, సిపాయి కాదలచినవాడి దేహాన్ని కొలిచే అలవాటు ఎక్కడ మొదలైంది? ఈస్టిండియా కంపెనీ తొలినాళ్లలో దొరికినవాణ్ణి చేర్చుకున్నారు. 1757లో క్లైవు వెంట ప్లాసీలో నిలిచిన మద్రాసు సిపాయిల్లో తెలుగువారు ఎంతగా కనిపించారంటే, బెంగాలులోనూ ఉత్తరాదిలోనూ సిపాయి అన్న మాటకే 'తెలంగా' అన్నది పర్యాయపదమైంది. 1857లో ఢిల్లీలో తిరగబడిన అవధు సిపాయిలను సైతం నగరవాసులు 'తిలంగా'లనే అన్నారు. వారిలో తెలుగు ముక్క వచ్చినవాడు ఒక్కడైనా ఉన్నాడో లేదో.

ఆ తరువాత ముప్పై ఏళ్లలో తెలుగువాడు సైన్యానికి పనికిరాడని తేలింది. తేల్చినవారిలో ముఖ్యుడు ఫ్రెడరిక్ రాబర్ట్స్. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతి, ఆపైన 1893 దాకా యావత్ భారత సైన్యాధిపతి. దీర్ఘకాలపు శాంతి దక్షిణాదివారిలో యుద్ధగుణాన్ని హరించిందనీ, ఉత్తర, వాయవ్య ప్రాంతపు జాతులే నిజమైన యోధులనీ ఆయన నిశ్చయించాడు. తిరుగుబాటు భయమూ, అఫ్గాన్ సరిహద్దులో రష్యా భయమూ కలిసి చేసిన నిర్ణయానికి జాతిశాస్త్రపు ముసుగు తొడిగారు. 'యుద్ధజాతుల' సిద్ధాంతం అదే. సిక్కులు, జాట్లు, గూర్ఖాలు, డోగ్రాలు, రాజపుత్రులు, ఇలా కులానికొకటిగా అధికారుల కోసం చేతిపుస్తకాలు అచ్చయ్యాయి. ఏ తాలూకాలో ఏ గోత్రంవాడు మంచి సిపాయి అవుతాడో, ఎవరిని దగ్గరికి రానివ్వకూడదో వాటిలో రాసి ఉంచారు. మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే రద్దయ్యాయి లేదా పంజాబీలతో నిండాయి.

దెబ్బ తిన్నది తెలుగువారు మాత్రమే కాదు. బొంబాయి సైన్యంలో తరాలుగా పనిచేసిన మహర్లకు 1890ల ఆరంభంలో తలుపులు మూసుకున్నాయి. అంబేద్కర్ తండ్రి రామ్‌జీ సైన్యంలో సుబేదారు. అంటరాని కులంలో పుట్టినవాడికి జీతమూ చదువూ హోదా ఇచ్చిన ఒకే ఒక్క ద్వారం అది. మూసినప్పుడు చెప్పిన కారణం దేహబలం కాదు, పుట్టుక. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలనప్పుడు, 1917లో, మహర్లతో ఒక పటాలం లేపారు. యుద్ధం ముగిశాక 1921లో దాన్ని రద్దు చేశారు. 1941లో మళ్లీ అవసరం వచ్చింది, వైస్రాయి రక్షణ సలహా సంఘంలో ఉన్న అంబేద్కర్ పట్టుబట్టాడు, మహర్ రెజిమెంట్ ఏర్పడింది. అవసరం తీరితే పోయే అర్హత అర్హతే కాదని ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలిసి ఉండదు.

ఇదే కాలంలో ఇంగ్లండులో జరిగింది వేరు. 1899లో దక్షిణాఫ్రికా యుద్ధానికి పారిశ్రామిక నగరాల నుంచి వచ్చిన వలంటీర్లలో ఎందరో పొట్టిగా, సన్నగా, పాడైన పళ్లతో ఉండి తిరస్కృతులయ్యారు. అక్కడి పాలకులు కంగారుపడి ఒక విచారణ సంఘాన్ని వేశారు. 1904లో వచ్చిన దాని నివేదిక చూపించింది రక్తాన్ని కాదు, తిండినీ ఇళ్లనూ పనివేళలనూ. 1906లో బడిపిల్లలకు భోజనం పెట్టే చట్టం వచ్చింది. అదే సామ్రాజ్యం, అదే కొలత టేపు. మాంచెస్టరు కుర్రవాడు సన్నగా ఉంటే ఆకలి, గంజాం కుర్రవాడు సన్నగా ఉంటే జాతిగుణం! ఈ రెండు నాలుకలను మన చరిత్ర పాఠాల్లో పక్కపక్కన పెట్టి చూపినవారు అరుదు.

రెండో ప్రపంచ యుద్ధం ఆ సిద్ధాంతాన్ని తూట్లు పొడిచింది. సైన్యం రెండు లక్షల నుంచి పాతిక లక్షలకు పెరగవలసి వచ్చినప్పుడు పంజాబు ఒక్కటే చాలలేదు. యుద్ధజాతి కాదన్న మద్రాసు రాష్ట్రం వేలకు వేలుగా సైనికులను ఇచ్చింది. మద్రాసు రెజిమెంట్ పునరుద్ధరణ ఆ రోజుల్లోనే. పశ్చిమ గోదావరిలోని మాధవరం 'మిలిటరీ మాధవరం' అయింది ఇటువంటి చేరికల వల్లనే. తూకం తక్కువగా ఉన్న రంగరూట్లను కూడా చేర్చుకున్నారు. చేర్చుకున్నాక అధికారులు గమనించిన సంగతి ఒకటుంది: కొన్ని నెలలు సైనిక రేషన్ తిన్న కుర్రవాళ్లు బరువు పెరిగారు, ఛాతీలు నిండాయి. శతాబ్దాల జాతిగుణం అన్నది పూటకు రెండు రొట్టెలు, కాస్త పప్పు, వారానికి ఇంత మాంసంతో మాయమైంది. అదే 1943లో ఆ శిబిరాలకు ఎంతో దూరంలో లేని బెంగాలు పల్లెల్లో లక్షలమంది ఆకలితో చచ్చిపోయారు.

స్వాతంత్ర్యం వచ్చాక కులం పేరున చేర్చుకోవడం తప్పని ప్రకటించారు గాని పాత రెజిమెంట్లు పాత పేర్లతో, చాలావరకు పాత కూర్పుతోనే సాగాయి. నియామకాలను రాష్ట్రాల మధ్య పంచడానికి ఒక సూత్రం తెచ్చారు. ప్రతి రాష్ట్రపు పురుష జనాభాలో పది శాతాన్ని సైన్యంలో చేరదగినవారుగా లెక్కించి ఆ నిష్పత్తిలో ఖాళీలు కేటాయించారు. న్యాయమైన సూత్రమే. ఎత్తు కొలత మాత్రం ప్రాంతాన్నిబట్టి నిలిచింది. పంజాబు, హర్యానావారికి 170 సెంటీమీటర్లు, దక్షిణాదివారికి 166, గూర్ఖాలకూ లడాఖీలకూ 157. ఇది వివక్ష అనడానికి లేదు, సడలింపే. అయినా ఆ పట్టికను చదువుతుంటే పాత చేతిపుస్తకాల పుటలు గుర్తుకురాక మానవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. వీరిలో ఎందరో పదిహేనేళ్ల తరువాత ర్యాలీ మైదానంలో కొలకర్ర కిందికి వస్తారు. అప్పుడు ఫలితం కాగితంపై నమోదయ్యేది ఒకే మాటగా: ఎత్తు చాలదు.

దేహాన్ని కొలవడం ఎంత తేలికగా వివక్షకు సాధనమవుతుందో సుప్రీంకోర్టు 2021 మార్చిలో వివరించింది. పర్మనెంట్ కమిషన్ కోరిన మహిళా అధికారులకు సైన్యం ఒక వైద్య ప్రమాణాన్ని వర్తింపజేసింది. తోటి పురుషులకు అదే ప్రమాణాన్ని ఐదో ఏటో పదో ఏటో, యౌవనంలో వర్తింపజేశారు. స్త్రీలకు హక్కు ఆలస్యంగా దక్కింది కనుక పరీక్ష కూడా నలభై ఐదు, యాభై ఏళ్ల వయసులో ఎదురైంది. పైకి అందరికీ ఒకటిగా కనిపించే ఈ నియమం పరోక్ష వివక్ష అని నితీశ కేసులో కోర్టు తేల్చింది. ఇదే దృష్టితో మిగతా కొలతలను చూసినవారు ఇంకా లేరు.

గౌరవం మాటకొస్తే, 2016లో బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో సైనిక రాతపరీక్షకు వచ్చిన వెయ్యిమందికి పైగా యువకులను కాపీ కొడతారన్న అనుమానంతో లోదుస్తుల మీద మైదానంలో కూర్చోబెట్టారు. 2011 ఫిబ్రవరిలో బరేలీలో సరిహద్దు పోలీసు బలగం 416 ఖాళీలు ప్రకటిస్తే లక్షకు పైగా వచ్చారు. తిరిగి వెళుతూ రైలు పైకప్పు మీద కూర్చున్నవారిలో పదిమందికి పైగా షాజహాన్‌పూర్ దగ్గర వంతెనకు తగిలి చనిపోయారు. 2024లో ఝార్ఖండ్ ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికలో గంటలో పది కిలోమీటర్లు పరుగెత్తమన్నారు. వేసవి పోయినా ఉక్కపోత పోని ఆగస్టు నెలాఖరులో పదిమందికి పైగా అభ్యర్థులు ప్రాణాలు విడిచారు. ఈ రెండూ సైన్యపు పరీక్షలు కావు. అయినా పరుగెత్తేది ఆ కుర్రవాళ్లే. ఒకే ఏడాది సైన్యానికీ పోలీసుకూ కేంద్ర బలగాలకూ వరుసగా పరుగెత్తుతారు, ఎక్కడ దొరికితే అక్కడ.

2019–20లో సైన్యం 80 వేలమందికి పైగా సిపాయిలను చేర్చుకుంది. అగ్నిపథ్ మొదటి ఏడు మూడు బలగాలకూ కలిపి ప్రకటించింది 46 వేలు, అందులో నాలుగేళ్లకు మించి ఉండేది పాతిక శాతమే. 2023 నుంచి వరుస కూడా మారింది: ముందు కంప్యూటర్‌పై రాతపరీక్ష, అందులో నెగ్గినవారికే పరుగు. జనసమ్మర్దమూ ఖర్చూ తగ్గించేందుకని అధికారులు చెప్పారు, ఆ కారణం సబబే. కాని పరుగుకు ఫీజు అక్కరలేదు, కోచింగ్ పుస్తకం అక్కరలేదు అని నమ్ముకున్న పల్లెటూరి పదో తరగతి కుర్రవాడికి మొదటి గుమ్మం ఇప్పుడు బెంచీ మీద ఎదురవుతోంది. 2021 నాటి నియామకాల్లో నిలిచిపోయినవారు కోర్టుకు వెళ్లారు. ఎంపిక ప్రక్రియలో పాల్గొన్నంతమాత్రాన ఉద్యోగంపై హక్కు రాదని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వారి అప్పీళ్లను తోసిపుచ్చింది. న్యాయసూత్రం రీత్యా అది పాత మాటే.

తొలి అగ్నివీరుల శిక్షణ 2023 జనవరి నాటికి మొదలైంది కనుక వారి నాలుగేళ్లు 2026 చివరికల్లా నిండుతాయి. బయటికి వచ్చేవారికి కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో పది శాతం కోటా, వయసులో సడలింపు ఉంటాయని 2024 జూలైలో ప్రకటించారు. శారీరక సామర్థ్య పరీక్ష నుంచి మినహాయింపు కూడా ఇచ్చారు. ఆ పరీక్షలో పరుగు ఐదు కిలోమీటర్లు, గడువు ఇరవైనాలుగు నిమిషాలు. కోటాలో చోటు దొరకని మాజీ అగ్నివీరులు రాష్ట్ర పోలీసు ఎంపికలకు వస్తే, ఆ రాష్ట్రం మినహాయింపు ఇవ్వనిచోట ఇరవైమూడు, ఇరవైనాలుగేళ్ల వయసులో మళ్లీ గీత దగ్గర నిలబడి విజిల్ కోసం చూడాలి.