గడి లోపలి నిశ్శబ్దం: బి.నర్సింగరావు చలనచిత్ర శైలి

తెలుగు సినిమా విమర్శలో దర్శకుని ప్రస్తావన వచ్చినప్పుడల్లా 'ముద్ర' అనే మాట వినిపిస్తుంది. కె.వి.రెడ్డి ముద్ర అంటే కథనంలో సడలని బిగువు, బాపు ముద్ర అంటే కుంచె గీసినట్లుండే దృశ్యం, కె.విశ్వనాథ్ ముద్ర అంటే సంగీత నృత్యాలకు కథలో దక్కిన పీఠం. ఈ మాట సౌకర్యవంతమైనదే గాని, ఆ ముద్ర ఎక్కడ నుంచి వచ్చిందన్న ప్రశ్నను అది సాధారణంగా దాటవేస్తుంది. శైలిని దర్శకుని అభిరుచిగా మాత్రమే చూస్తే, అతడు పుట్టిన ఊరు, ఆ ఊళ్లో అతని ఇంటికున్న స్థానం, అతనితో పనిచేసిన చేతులు విమర్శకు అందకుండా పోతాయి. ఇవన్నీ శైలిలోనే కనిపించే దర్శకుడు బి.నర్సింగరావు. ఆయన చిత్రాలలో 'దాసి' (1988) ఈ పరిశీలనకు ప్రధాన ఆధారం.

నర్సింగరావు 1946లో గజ్వేలు సమీపంలోని ప్రజ్ఞాపూర్‌లో జన్మించారు. నాడు నిజాం రాజ్యంలోని మెదక్ జిల్లాలో ఉన్న ఆ గ్రామం 2016 అక్టోబరు 11న ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో చేరింది. ఆయనది భూస్వామ్య కుటుంబం. హైదరాబాదులో చిత్రలేఖనం అభ్యసించి, 1970ల ఆరంభంలో ఆర్ట్ లవర్స్ సంస్థ ద్వారా నాటకాలను, జానపద కళారూపాలను ప్రజల మధ్యకు తీసుకువెళ్లారు. తర్వాతి కాలంలో గద్దర్‌గా ప్రసిద్ధి పొందిన గాయకుడు పాట రాయడానికి తొలి ప్రోత్సాహం లభించింది ఈ పరిచయంలోనే. చిత్రకారుని కన్ను, దొరల ఇంటి జ్ఞాపకం, ప్రజాకళల సాహచర్యం అనే మూడూ ఒక్కచోట కలిసిన దర్శకులు తెలుగులో అరుదు. వీటిలో రెండవది విమర్శలో తక్కువగా చర్చకు వచ్చింది. 'దాసి'ని అర్థం చేసుకోవడానికి అన్నిటికన్న అవసరమైనది కూడా అదే.

బయటివారి తెలంగాణ

తెలంగాణ పల్లె వెండితెర మీదకు గంభీరంగా వచ్చింది మొదట బయటి కళ్ల ద్వారానే. శ్యామ్ బెనెగల్ 'అంకుర్' (1974), 'నిశాంత్' (1975) చిత్రాలలో ఈ ప్రాంతపు భూస్వామ్యాన్ని హిందీలో చూపారు. ఆయన పుట్టింది సికిందరాబాదు తిరుమలగిరిలోనే అయినా చిత్రనిర్మాణ జీవితం బొంబాయిది. 1977లో మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను 'ఒక ఊరి కథ'గా తెలుగులో తీశారు. ఆ వరుసలో వచ్చిన 'మా భూమి'కి దర్శకుడు గౌతమ్ ఘోష్. ఆయనకది తొలి కథాచిత్రం. కృషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' దానికి ఆధారం. నర్సింగరావు దాని నిర్మాతలలో ఒకరు, రచనలో భాగస్వామి.

'మా భూమి' విడుదలైన 1980వ సంవత్సరంలోనే 'శంకరాభరణం' కూడా వచ్చింది. రెండూ వ్యాపార సూత్రాలకు వెలుపల నిలిచి ప్రజాదరణ పొందినవే. ఒకటి శాస్త్రీయ సంగీతాన్ని, మరొకటి బండెనక బండి కట్టిన దొరను నిలదీసే పాటను ఇంటింటికీ చేర్చింది. హైదరాబాదులో 'మా భూమి' ఉదయపు ఆటగా దాదాపు ఏడాది ప్రదర్శితమైంది. అయితే దానిని ఏ ఒక్కరి శైలికి ఉదాహరణగా చెప్పడం కష్టం. అది ఉద్యమచిత్రం; సాయుధ పోరాట జ్ఞాపకం, పాట, గుంపు, ఆవేశం కలిసి దానిని నడిపించాయి. ఆ చిత్రం చెప్పిన దొరతనాన్నే తర్వాత ఎనిమిదేళ్లకు నర్సింగరావు మళ్లీ చెప్పారు. ఈసారి గుంపు లేదు, పోరాటం లేదు, ఊరు కూడా దాదాపు లేదు. ఉన్నది గడి లోపలి భాగం, అందులో పనిచేసే ఒక స్త్రీ.

ఈ రెండింటి నడుమ 1983లో వచ్చిన 'రంగుల కల' ఆయన స్వీయ దర్శకత్వంలో తొలి కథాచిత్రం. చిత్రకారుని పాత్రను ఆయనే ధరించారు. చిత్రాలు కొనే సంపన్నుల లోకానికి, తాను చిత్రించదలచిన శ్రమజీవుల లోకానికి మధ్య నలిగే కళాకారుని కథ ఇది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. తన వర్గంతో తనకున్న పేచీని ఇంత సూటిగా తెరకెక్కించిన తెలుగు దర్శకుడు అంతకుముందు లేడనే చెప్పాలి. కాని ఇందులో ఆ పేచీ మాటల్లో ఉంది, వాదంలో ఉంది. 'దాసి'లో అది చూపులోకి మారింది.

కమలాక్షి పని

దొరసాని అత్తవారింటికి వచ్చేటప్పుడు అరణంగా ఆమె వెంట ఆడపిల్లలను పంపడం తెలంగాణ దేశ్‌ముఖుల ఇళ్లలో ఆచారం. ఆడబాప అని పేరున్న ఈ స్త్రీకి పెళ్లి లేదు, కూలి లేదు, సొంత సంసారం లేదు. పగలు దొరసాని సేవ, రాత్రి దొర ఇష్టం; అతిథి వస్తే అతిథి ఇష్టం. 1930లో మెదక్ జిల్లాలోని జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రారంభమైన ఆంధ్రమహాసభ ఉద్యమం క్రమంగా వెట్టి వ్యతిరేక పోరాటానికి దారితీసింది. పొలంలో, బాటలో, గ్రామ చావడిలో జరిగే వెట్టి అందరి కంట పడేది. గోడల మధ్య జరిగే ఈ వెట్టికి సాక్షులు తక్కువ. 'దాసి' ఆ సాక్ష్యాన్ని పూరించడానికి పూనుకున్న చిత్రం.

కథ చాలా చిన్నది. 1920ల నాటి ఒక గడిలో కమలాక్షి దాసి. దొర వల్ల ఆమెకు గర్భం నిలుస్తుంది. బిడ్డ లేని దొరసాని ఆజ్ఞతో ఆ గర్భం తీసివేస్తారు. వ్యాపార చిత్రంలోనైతే ఇది మొదటి అరగంటలో ముగిసి, ప్రతీకారం మొదలయ్యే ఘట్టం. నర్సింగరావు దీనినే మొత్తం చిత్రంగా విస్తరించారు. అంత వ్యవధిని నింపిందేమిటంటే పని. ఊడవడం, తోడడం, మోయడం, కాళ్లు ఒత్తడం, పిలుపు కోసం నిలబడి ఉండడం. సంభాషణలు మితం, నేపథ్య సంగీతం మితం, కెమెరా కదలిక మితం. దృశ్యం త్వరగా తెగదు. ప్రేక్షకుడు ఒక పని మొదటి నుంచి చివరి వరకు జరగడం చూడవలసి వస్తుంది.

ఈ నెమ్మదితనాన్ని సమాంతర సినిమా అలవాటుగా కొట్టివేయడం సులభం. ఆ అలవాటు లేకపోలేదు. ఎనభైలలో నిదానమే నాణ్యతగా చలామణి అయిన చిత్రాలు దేశంలో చాలానే వచ్చాయి. 'దాసి'లో మాత్రం కాలం సాగడానికి కారణం కథలోనే ఉంది. దాసికి తన కాలం మీద హక్కు లేదు. ఆమె సమయం ఇతరుల పిలుపులతో ముక్కలవుతుంది. ఆ పిలుపుకూ పిలుపుకూ నడుమ ఉండే ఎదురుచూపును కత్తిరిస్తే మిగిలేది దాస్యం గురించిన సమాచారమే, దాస్యం కాదు. కనుక ఇక్కడ షాట్ నిడివి సౌందర్య నిర్ణయం కావడానికి ముందే చారిత్రక నిర్ణయం.

మౌనం సంగతి ఇంత తేలికగా తేలదు. కమలాక్షి మాట్లాడకపోవడం ఆమె స్థితికి నిజం. గడిలో దాసికి మాట లేదు. కాని ఆమెకు మాట ఇవ్వని వాడు దొర ఒక్కడేనా, దర్శకుడు కూడానా అనే ప్రశ్న రాక తప్పదు. దొరల కుటుంబంలో పుట్టిన పురుషుడు దాసి కథను చెప్పేటప్పుడు ఆమె మౌనాన్ని అందమైన చిత్రంగా మలిచే ప్రమాదం నిజమైనదే. దీనికి చిత్రం ఇచ్చే సమాధానం పాక్షికం. కెమెరా ఎక్కువగా కమలాక్షి ఉన్న చోటనే ఉంటుంది. దొర, దొరసాని ఆమె పని మధ్యలోకి వచ్చి పోయేవారు. గడిని యజమాని వైపు నుంచి తెలిసినవాడు దానిని పనిమనిషి వైపు నుంచి చూడడం నేర్చుకున్న క్రమం ఈ కెమెరా స్థానంలో ఉంది. అయినా ఆమె మనసులోని కోపం, కోరిక ఎలాంటివో చిత్రం చెప్పదు. అది వినయమో, అసమర్థతో నిర్ణయించడం కష్టం. ఆమె తరఫున మాట్లాడేందుకు సాహసించకపోవడమే మేలైన పని అనడానికి ఎక్కువ ఆధారం ఉంది. 1980లలో తెలుగు తెర మీద తెలంగాణ మాట విలన్‌కో హాస్యగాడికో పరిమితమైన పరిస్థితిలో, ఆ భాష మాట్లాడే స్త్రీని నవ్వు పుట్టించకుండా నిలబెట్టడం చిన్న విషయం కాదు.

ఒక నటి, ముగ్గురు దర్శకులు

దర్శకుని శైలిని విడిగా పట్టుకోవడానికి ఒక ఉపాయం, అదే నటిని ఇతరుల చిత్రాలలో చూడడం. కమలాక్షిగా నటించిన అర్చన 1986లో వంశీ 'లేడీస్ టైలర్'లో ఉపాధ్యాయురాలు సుజాత. వంశీ లోకం మాటల లోకం. గోదావరి ఊరిలో ప్రతి మనిషికీ ఒక నుడికారం, ఒక చమత్కారం ఉంటాయి. ఆ వాగ్ధోరణి నడుమ అర్చన నిదానం కథకు తూకంగా పనిచేసింది. బాలు మహేంద్ర తమిళ చిత్రం 'వీడు'లో ఆమె సొంత ఇల్లు కట్టుకోవడానికి తంటాలుపడే మధ్యతరగతి యువతి. సహజమైన వెలుతురులో, ఆమె ముఖం మీద కదిలే ఆశానిరాశలే ఆ చిత్రానికి కథనం. 'వీడు'కు, మరుసటి ఏడాది 'దాసి'కి ఆమె ఉత్తమ నటిగా జాతీయ పురస్కారాలు అందుకున్నారు.

బాలు మహేంద్ర అర్చన ముఖాన్ని చదివితే నర్సింగరావు ఆమె వీపును, చేతులను, నడకను చదివారు. దాసి ముఖం ఎవరికీ కావలసినది కాదు. గడికి కావలసినవి చేతులు. 1990 నాటి 'మట్టి మనుషులు'లో ఆమె పల్లె విడిచి హైదరాబాదుకు వచ్చి ఇతరుల ఇళ్లు కట్టే కూలీ. 'వీడు'ను, దీనిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే నటి ఇంటి గోడకు రెండు వైపులా నిలిచినట్లుంటుంది. ఈ చిత్రానికీ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం దక్కింది. అయితే శిల్పపరంగా ఇది 'దాసి' కంటే ఒక మెట్టు దిగువనే ఉంది. తాగుడు, పరస్త్రీ వ్యామోహం వైపు భర్త కథ మళ్లేసరికి, వలస అనే పెద్ద కారణం ఒక మగవాని దుర్గుణం వెనక్కు తప్పుకుంటుంది. నర్సింగరావు శైలికి కథ ఎక్కువైతే ఊపిరాడదు.

ఎవరి శైలి?

దర్శకుడే చిత్రకర్త అన్న వాదానికి 1954లో ఫ్రాన్సులో త్రూఫో వ్యాసం బీజం వేసింది. 1962లో అమెరికాలో ఆండ్రూ సారిస్ దానిని సిద్ధాంతంగా ప్రతిపాదిస్తే, మరుసటి ఏడాదే పౌలిన్ కేల్ ఎదిరించారు. ఆ వివాదంలో ఇరుపక్షాలూ పెద్ద స్టూడియోల వ్యవస్థను దృష్టిలో ఉంచుకొన్నవే. తక్కువ డబ్బుతో, మిత్రుల సహకారంతో తయారైన 'దాసి' విషయంలో ఆ కొలబద్ద వేరుగా ఉండాలి.

36వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో 'దాసి'కి అయిదు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటి కాక, ఛాయాగ్రహణానికి అపూర్వ కిశోర్ బీర్, కళాదర్శకత్వానికి తోట వైకుంఠం, దుస్తుల రూపకల్పనకు పిట్టంపల్లి సుదర్శన్ పురస్కృతులయ్యారు. చివరి ఇద్దరూ చిత్రకారులే. వైకుంఠం పూర్వపు కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టి, తెలంగాణ పల్లె స్త్రీని ముదురు మేనిఛాయతో, పెద్ద బొట్టుతో, నిండు రంగుల చీరతో తన సంతకంగా మలచుకున్నవారు. సుదర్శన్‌కు ఆ తర్వాత చిత్రం పేరే ఇంటిపేరై 'దాసి సుదర్శన్' అయ్యారు. తెర మీద గడి ఎలా ఉండాలి, అందులో తిరిగే చీర ఎంత వెలసి ఉండాలి అన్న నిర్ణయాలు ఈ ముగ్గురు చిత్రకారుల మధ్య జరిగినవి. దర్శకుడు చిత్రకారుడు కావడం వల్ల ఇతర చిత్రకారులకు తన ఫ్రేములో చోటివ్వగలిగాడు. ఇది అహాన్ని తగ్గించుకొనే శైలి. పత్రికా సమీక్షలు మాత్రం దర్శకుని పేరునే చెప్పుకొన్నాయి.

ఇక్కడ సిద్దిపేట ప్రాంతపు చిత్రకళను కూడా తలచుకోవాలి. సిద్దిపేటలో పుట్టిన కాపు రాజయ్య (1925–2012) నకాషీ వంటి స్థానిక జానపద రీతులను ఆధునిక చిత్రకళలోకి తెచ్చి, తెలంగాణ పండుగలను, పనిపాటలను దశాబ్దాల పాటు చిత్రించారు. రాజయ్య చిత్రాలకూ నర్సింగరావు దృశ్యాలకూ నేరుగా గురుశిష్య సంబంధం కల్పించనవసరం లేదు. కాని పని చేస్తున్న మనిషిని అలంకారంగా కాక విషయంగా చూసే అలవాటు ఈ నేలలో సినిమాకు ముందే కుంచెలో ఉంది. రాజయ్య పల్లెలో పండుగ వెలుగు ఎక్కువ. నర్సింగరావు ఆ వెలుగును తన డాక్యుమెంటరీ 'మా ఊరు'కు ఉంచి, కథాచిత్రాలలో దానికి తెర వేశారు. 'మా ఊరు'కు జాతీయ స్థాయిలో లభించిన పురస్కారం మానవజీవన చిత్రణ విభాగానిది కావడం గమనించదగినది. అదే మనిషి, అదే ప్రాంతం, దాదాపు అవే సంవత్సరాలు. ఊరు బయట చూసినప్పుడు కదలిక, సందడి, సమూహం. గడి లోపల చూసినప్పుడు ఒంటరి స్త్రీ, ఆమె చేతిలోని పని, పిలుపు కోసం ఆగి ఉన్న చెవి.