స్త్రీ అధ్యయనం: జనాభా లెక్కల నుంచి విశ్వవిద్యాలయ తరగతి దాకా

స్త్రీ పురుష భేదాన్ని సమాజం ఏ విధంగా ఏర్పరచి, ఏ విధంగా నిలుపుకొంటున్నదో పరిశీలించే విద్యాశాఖను మన విశ్వవిద్యాలయాల్లో స్త్రీ అధ్యయనమని, ఇటీవల జెండర్ అధ్యయనమని వ్యవహరిస్తున్నారు. మహిళా కళాశాలలో చదవడం వేరు, ఈ శాస్త్రాన్ని చదవడం వేరు. దీనిని పురుషులూ అభ్యసిస్తారు. చరిత్ర, ఆర్థికశాస్త్రం, న్యాయశాస్త్రం, సాహిత్యం ఇందులో కలగలిసి ఉంటాయి.

భారతదేశంలో ఈ శాఖ ఎదుగుదలకు ఊతమిచ్చినది ఒక ప్రభుత్వ నివేదిక. స్త్రీల స్థితిగతులను పరిశీలించేందుకు 1971లో కేంద్రం ఫుల్‌రేణు గుహ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. దానికి సభ్య కార్యదర్శిగా పనిచేసినవారు వీణా మజుందార్. 1974 డిసెంబరులో సమర్పించిన ‘సమానత్వం దిశగా’ నివేదిక, స్వాతంత్ర్యానంతరం స్త్రీల పరిస్థితి మెరుగుపడుతూనే ఉన్నదన్న నమ్మకాన్ని కుదిపివేసింది. వెయ్యి మంది పురుషులకు 1901లో 972 మంది స్త్రీలుండగా, 1971 నాటికి వారి సంఖ్య 930కి తగ్గింది. ఈ అంకెలు జనాభా లెక్కల్లో అందరి కళ్లముందూ ఉన్నవే. వాటిని ఆ దృష్టితో చదివినవారే అరుదు.

అదే సంవత్సరం బొంబాయిలోని ఎస్ఎన్‌డీటీ మహిళా విశ్వవిద్యాలయంలో నీరా దేశాయ్ చొరవతో స్త్రీ అధ్యయన పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. అక్కడే 1981లో తొలి జాతీయ సదస్సు జరిగింది. మరుసటి ఏడాది భారతీయ స్త్రీ అధ్యయన సంఘం ఏర్పడింది. 1986 జాతీయ విద్యావిధానం స్త్రీల సమానత్వాన్ని విద్య బాధ్యతగా గుర్తించడంతో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఈ కేంద్రాలకు సాయం అందించసాగింది.

విద్యార్థి ఇక్కడ నేర్చుకునేది ప్రధానంగా లెక్కను ప్రశ్నించడం. పని అంటే ఏమిటి? వంట వండి, నీళ్లు మోసి, పిల్లలను సాకే గృహిణి జనాభా లెక్కల్లో శ్రామికురాలు కాదు. అదే పని మరొకరి ఇంట జీతానికి చేస్తే ఆమె శ్రామికురాలవుతుంది. 2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. దాదాపు ఐదు గంటల ఈ శ్రమ జాతీయాదాయంలో కనిపించదు.

చరిత్రలోనూ ఇదే లోటు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు వారి నోటనే విని, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా వెలువరించారు. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటివారి మాటలు అందులో ఉన్నాయి. కాగితం మీద ఆధారం లేనిచోట మౌఖిక కథనాన్ని ఎంతవరకు విశ్వసించాలి, జ్ఞాపకం తప్పినచోట ఏం చేయాలి అన్న పద్ధతి చర్చకు తెలుగువారికి ఇంతకంటె మంచి పాఠ్యవస్తువు దొరకడం కష్టం. ఆ పుస్తకం విశ్వవిద్యాలయ శాఖలో తయారైనది కాదన్నదీ గమనించదగినదే.

1985లో హైదరాబాదులో ‘అన్వేషి’ పరిశోధన కేంద్రం ఏర్పడింది. అంతకు రెండేళ్ల ముందు తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఆవిర్భవించింది. 2015లో తెలంగాణలో ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం జెండర్‌పై ద్విభాషా పాఠ్యపుస్తకం వచ్చింది. యంత్రాలు, గణితం చదివే తరగతిలోకి ఇంటిపని, లైంగిక వేధింపుల వంటి విషయాలు ప్రవేశించడం చిన్న మార్పు కాదు.

ఎంఏ, పీహెచ్‌డీ పట్టాలతో పాటు అధ్యాపక అర్హతకు జరిపే యూజీసీ నెట్‌లోనూ ఇది ఒక విషయం. అయితే అర్హత ఉన్నంత మాత్రాన కొలువు దొరకదు. పలు కేంద్రాలు పంచవర్ష ప్రణాళిక నిధులపై ఆధారపడి నడిచాయి. 2017 మార్చితో పన్నెండో ప్రణాళిక ముగిసింది, ఆ తరువాత ప్రణాళికలే లేవు. దానితో కేంద్రాల కొనసాగింపుపై ఆందోళన చెలరేగి, అధ్యాపకులు, విద్యార్థులు నిరసన తెలిపారు. శాశ్వత ఉద్యోగం లేని అధ్యాపకులు మధ్యలో వెళ్లిపోతే, వారి వద్ద పరిశోధన సాగిస్తున్న విద్యార్థి కొత్త పర్యవేక్షకుల కోసం వేరే శాఖల తలుపు తట్టవలసి వస్తుంది.