పాసు మాట, చెల్లు మాట

ఇంగ్లీషులో 'పాస్' అనే క్రియ చూడటానికి చిన్నది. నిఘంటువులో మాత్రం పేజీలకు పేజీలు ఆక్రమిస్తుంది. మన బళ్లారిలో ఇంగ్లీషు అక్షరం రానివారు కూడా రోజుకు పదిసార్లు వాడే మాట ఇది. పిల్లవాడు పదో తరగతి పాసవుతాడు. కాంట్రాక్టరు బిల్లు పాసవుతుంది. శాసనసభలో ఇంకో రకం బిల్లు పాసవుతుంది. కాలేజీ అమ్మాయికి బస్సు పాసు, రైతుకు పాస్‌బుక్కు, దుబాయి పోయేవాడికి పాస్‌పోర్టు, గుంతకల్లు పోయేవాడికి ప్యాసింజరు బండి. బ్యాంకులో 'పాసింగ్ ఆఫీసరు' అని ఒకడుంటాడు. చెక్కు మీద తేదీ, సంతకం, ఖాతాలో నిలవ చూసి, డబ్బు ఇవ్వవచ్చునని సంతకం పెట్టడం అతని పని. చాలా ఏళ్లు ఆ పని చేసినవాణ్ణి కనుకనే ఈ మాట వెంట పడ్డాను. చదివింది బి.కాం., భాషాశాస్త్రం కాదు. పాఠకులు ఆ సంగతి గుర్తుంచుకుని చదవాలి.

లాటిన్‌లో 'పాసస్' అంటే అడుగు. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. అడుగు నుంచి నడక, నడక నుంచి దాటడం, దాటడం నుంచి గడచిపోవడం, ఇలా అర్థాలు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కాయి. ఇంగ్లీషువారి నోట మనిషి వీధి వెంట పాసవుతాడు, కాలం పాసవుతుంది, భోజనాల బల్ల మీద ఉప్పుగిన్నె పాసవుతుంది, తండ్రి ఆస్తి కొడుక్కు పాసవుతుంది, నాణెం పాసవుతుంది, చివరికి మనిషే పాసయిపోతాడు. గతాన్ని చెప్పే 'పాస్ట్' కూడా దీని బిడ్డే. ఖాతాదారుకూ బ్యాంకుకూ మధ్య చేతులు మారుతుండేది కాబట్టే పాస్‌బుక్కుకు ఆ పేరు వచ్చిందంటారు.

మనం ఇందులో తీసుకున్నది కొంతే. ఆఫీసు గుమ్మం దాటి వచ్చిన అర్థాలనే తీసుకున్నాం: మంజూరు, పరీక్ష, ప్రయాణానికి అనుమతి చీటీ. ఉప్పుగిన్నె అందించమంటాం గాని పాస్ చెయ్యమనం. "మా మామ పాసయ్యాడు" అని చావు కబురు పంపితే, ఈ వయసులో ఏం పరీక్ష రాశాడని అడుగుతారు. ఆ అర్థాలకు మన దగ్గర మాటలున్నాయి కనుక ఇంగ్లీషు మాటకు చోటు దొరకలేదు. అన్నిటికంటే విచిత్రమైనది నాణెం సంగతి.

1800లో నిజాం మన సీమను కంపెనీకి అప్పగించాడు. 'దత్తమండలం' అన్న పేరు అప్పటి ఏర్పాటుకే చెందినది. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరు. అప్పట్లో శిస్తు కట్టడమంటే లెక్క చెప్పడమొక్కటే కాదు, ఏ నాణెంతో కడుతున్నావన్నది కూడా తగాదాయే. వరహాలు, హణాలు, రకరకాల రూపాయలు కలిసి తిరిగేవి. షరాబు గీటురాయి మీద గీసి, తూచి, ఇది చెల్లుతుంది, ఇది చెల్లదు అని తేల్చేవాడు. అవతల ఇంగ్లీషు గుమాస్తా సరిగ్గా ఆ చోటే 'పాసవుతుంది' అనేవాడు. మద్రాసు రాజధానిలో వెండి రూపాయి ప్రామాణిక నాణెం అయింది 1818లో. కంపెనీ పాలిత ప్రాంతమంతటికీ ఒకే రూపాయి వచ్చింది 1835లో. దాంతో షరాబు తీర్పు అవసరం తగ్గింది గాని 'చెల్లు' మాట తగ్గలేదు.

ఈ 'చెల్లు'ను ఒకసారి పట్టి చూడండి. నాణెం చెల్లుతుంది. మాట చెల్లుతుంది, దాన్నే చెల్లుబడి అంటాం. అప్పు చెల్లిస్తాం. అప్పు తీరితే చెల్లుచీటీ రాయించుకుంటాం. నువ్వు కొట్టావు, నేను తిట్టాను, చెల్లుకు చెల్లు. గడువు దాటినది కాలం చెల్లినది. మనిషి పోతే నూకలు చెల్లాయంటాం. ఎవరూ చేయలేని పని ఒకడు చేస్తే, అది అతనికే చెల్లింది. కూడని పని చేస్తే, ఇలా చేయడం నీకు చెల్లదు. గడవడం, అంగీకారం పొందడం, చేతులు మారడం, ముగియడం, చావు... లాటిన్ అడుగు ఎన్ని మెట్లు ఎక్కిందో, ఇంచుమించు అన్ని మెట్లూ మన మాటా ఎక్కింది. ఎవరూ ఎవరినీ చూసి రాసుకోలేదు. తమిళంలో దీని చుట్టం 'సెల్' అంటే ఇప్పటికీ వెళ్లడమే. అక్కడ ఖర్చును 'సెలవు' అంటారు, చేతిలోంచి వెళ్లిపోయేది కనుక.

కన్నడంలో ఇదే 'సల్లు'. తెలుగు చ-కారం చాలాచోట్ల కన్నడంలో స-కారం. మన చేరు వారికి సేరు, మన చుట్టు వారికి సుత్తు, మన చావు వారికి సావు, మన చిక్కు వారికి సిక్కు. చెల్లు సల్లు అవడంలో అచ్చు కూడా కాస్త మారింది, అంతే. కన్నడంలో దరఖాస్తును 'సల్లిసు'తారు, కీర్తి ఒకరికి 'సల్లుత్తదె', కూడని పని 'సల్లదు', చెల్లింపు 'సందాయ'. అయితే బజారు కన్నడంలో నోటు విషయంలో ఈ క్రియ ఇప్పుడు తక్కువగా వినిపిస్తుంది. 'నడెయుత్తా' అనో, 'చలావణె' అనో అంటారు. ఆ అర్థాన్ని తెలుగు నిలుపుకుంది, దరఖాస్తు అర్థాన్ని కన్నడం నిలుపుకుంది. అన్నదమ్ములు ఇంట్లో సామాను పంచుకున్నట్టే ఉంది.

ఈ మాట ఎంత పాతదో తెలుసుకోవాలంటే మన చుట్టూ ఉన్న రాళ్లే చాలు. కల్యాణి చాళుక్యుల కాలపు కన్నడ శాసనాల్లో రాజు పేరు, బిరుదులు చెప్పాక, ఆయన విజయరాజ్యం చంద్రుడు, సూర్యుడు, నక్షత్రాలు ఉన్నంతవరకు 'సలుత్తమిరె' అని వస్తుంది. అంటే సాగుతూ ఉండగా అని. మద్రాసు రాజధానిలోని కన్నడ శాసనాలను 'దక్షిణ భారత శాసనాలు' 9వ సంపుటంగా 1939లో అచ్చువేశారు. అందులో బళ్లారి జిల్లా రాళ్లు ఎన్నో. పన్నెండో శతాబ్దంలో బసవణ్ణ ఒక వచనంలో ఈ లోకాన్ని కమ్మటంతో, అంటే టంకశాలతో పోల్చాడు. నాణెం సంగతీ మనిషి సంగతీ ఈ ఒక్క క్రియతోనే చెప్పాడు. బ్యాంకువాళ్లకు ఆ వచనం రెండుసార్లు రుచిస్తుంది.

ఇక్కడ ఒక దొరగారి ప్రస్తావన తప్పదు. అలెగ్జాండర్ డంకన్ క్యాంప్‌బెల్ 1816లో మద్రాసులో తెలుగు వ్యాకరణం ప్రచురించాడు, 1821లో తెలుగు నిఘంటువు. ఆ వ్యాకరణం ముందు ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ ఒక పీఠిక చేర్చాడు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతంలోంచి పుట్టినవి కావని, అవి ఒక తల్లి బిడ్డలని, ధాతువులను పక్కపక్కన పేర్చి చూపించాడు. కాల్డ్వెల్ పుస్తకం వచ్చింది 1856లో. అంటే దానికి నలభై ఏళ్ల ముందే ఈ మాట తెలుగు వ్యాకరణం మొదటి పుటల్లో అచ్చయింది. ఆ క్యాంప్‌బెల్ తర్వాత వచ్చి కూర్చున్నది ఎక్కడనుకున్నారు? మన బళ్లారి కలెక్టరు కుర్చీలో.

మన్రో గవర్నరయ్యాక 1822లో జిల్లాల్లో బడుల లెక్కలు పంపమన్నాడు. 1823 ఆగస్టు 17న క్యాంప్‌బెల్ పంపిన జవాబు చదివి తీరవలసినది. అప్పటి జిల్లాలో అనంతపురం సీమ కూడా కలిసే ఉంది, అది వేరు జిల్లా అయింది 1882లో. మొత్తం బడులు 533, చదివేవారు 6,641 మంది. కన్నడ బడులు 235. తెలుగు బడులు 226. తక్కినవి మరాఠీ, పారసీ, సంస్కృతం, తమిళం. ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే మన పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు. పిల్లలు పద్యాలు వల్లెవేస్తారే గాని అర్థం తెలియదని, ఆ భాష వారు మాట్లాడే భాష కాదని విమర్శించాడు. విదేశీ సరుకు దిగుమతితో చేతిపనుల వారి రాబడి పడిపోయిందని, పేదరికం వల్ల బడులు మూతపడుతున్నాయని కూడా రాశాడు. కంపెనీ ఉద్యోగి ఆ మాట రాయడం చిన్న విషయం కాదు. నన్ను పట్టుకున్నవి మాత్రం ఆ రెండు అంకెలు: 235, 226. సరిహద్దు అన్న మాట పుట్టకముందు ఈ నేల లెక్క అది.

ఆ రోజుల్లో బడిలో పాసు, ఫెయిలు లేవు. అవి 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడి మెట్రిక్యులేషన్ పరీక్షలు పెట్టాక ఊళ్లకు పాకాయి. మన పెద్దలు 'ప్యాసు' అనేవారు. బళ్లారి నాటకానికి పేరు తెచ్చిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ ముగ్గురూ న్యాయవాదులే, పరీక్షలు గట్టెక్కాకే కోర్టు మెట్లెక్కినవారు. గట్టెక్కడం అన్నాను, గమనించారా? పత్రికల్లో రాసే 'ఉత్తీర్ణుడు' అన్న సంస్కృత పదానికీ అసలు అర్థం అవతలి ఒడ్డుకు దాటినవాడనే. కన్నడ పత్రికలు 'తేర్గడె' అంటాయి. మన 'ఆరితేరడం'లోని తేరు దానికి దగ్గరి బంధువే అనిపిస్తుంది నాకు. ఇన్ని మాటలుండగా ఇంటి అరుగు మీద గెలిచింది పాసే. ఎందుకంటే పరీక్ష పెట్టినవాడు ఇంగ్లీషువాడు, ఫలితం రాసిన కాగితం ఇంగ్లీషు కాగితం.

అయినా ఆ మాట మన ఇంటికి వచ్చాక మన కట్టుబాటుకు లోబడింది. తెలుగుగాని కన్నడంగాని ఇంగ్లీషు క్రియను క్రియగా తీసుకోవు. దాన్ని పేరు మాటగా కూర్చోబెట్టి, పక్కన తమ క్రియను కాపలా పెడతాయి. పాసయింది, పాసు చేశారు. కన్నడంలో పాసాయ్తు, పాసు మాడిదరు. ఇంగ్లీషులో ఒకే రూపం ఇటూ అటూ పలుకుతుంది. మన దగ్గర 'అవు' వేరు, 'చేయు' వేరు. దానంతట అయిందా, ఎవరైనా చేశారా అన్నది చెప్పక తప్పదు.

1953లో ఈ తేడా మనకు అనుభవానికి వచ్చింది. పొట్టి శ్రీరాములు మరణం 1952 డిసెంబరు 15న. ఆ తర్వాత ఆంధ్ర రాష్ట్రానికి దారి తెరిచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు. కన్నడం ఎక్కువగా ఉన్న తాలూకాలు మైసూరుకు. బళ్లారి తాలూకా ఎటూ తేలలేదు. న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రా విచారణ జరిపి మైసూరుకే ఇవ్వమన్నారు. పార్లమెంటు చట్టం పాసు చేసింది. అక్టోబరు 1న పడుకుని లేచేసరికి ఆదోనిలో అన్న ఒక రాష్ట్రం, బళ్లారిలో తమ్ముడు ఇంకో రాష్ట్రం. తండ్రి ఆస్తి కొడుక్కు 'పాసవడం' అన్న ఆ ఇంగ్లీషు అర్థం ఒకటుందే, అలా చేతులు మారాం. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం బళ్లారి, హోస్పేట, సిరుగుప్ప తాలూకాలను ఆంధ్రకు ఇవ్వమని సిఫారసు చేసింది. 1956 చట్టంలో అది చెల్లలేదు. ఆ తగాదా తిరగదోడడం నా ఉద్దేశం కాదు. ఈ నేల మీద బతుకుతూ కన్నడం రాకపోతే తప్పు మనదేనని నమ్మేవాణ్ణి.

నాకు నొప్పి కలిగించేది వేరొకటి. మన తెలుగు విని కోస్తా జిల్లాల బంధువులు నవ్వుతారు. మనం 'సేరినాడు', 'సావు' అంటే కన్నడం కలిసిపోయిందంటారు. కలిసింది కొంత ఉంది, కాదనను. కాని విన్న ప్రతిదీ కలుషితమని కొట్టిపారేయడం అన్యాయం. చెల్లు, సల్లు ఒకరి దగ్గర ఒకరు అరువు తెచ్చుకున్నవి కావు, ఇద్దరికీ తాత ఇచ్చినవి. ఎల్లిస్ రెండు వందల ఏళ్ల కిందట చూపించిన విషయం ఇది. నవ్వేవాళ్లే పాసు, ఫెయిలు, లోను, బిల్లు అంటుంటే వారికి తప్పు తోచదు. మన పిల్లలు తెలుగు చదవక, ఇంట్లో కూడా వేలిడెంత తెలుగుతో సరిపెట్టుకుంటున్న రోజులివి. ఉన్న కాస్త తెలుగూ అసలైంది కాదని వారికి మనమే చెబితే ఇక వదిలేయడానికి వేరే కారణం అక్కర్లేదు.

2016 నవంబరు 8 రాత్రి అయిదువందలు, వెయ్యి నోట్ల రద్దు ప్రకటించినప్పుడు కౌంటరు ముందు మూడు భాషలూ వినిపించాయి. "సార్, ఇది చెల్లుతుందా?" అని మోకా వైపు రైతు. "నడెయుత్తా?" అని పక్కవాడు. మా సర్క్యులర్‌లో 'లీగల్ టెండర్' అన్న ముక్క. నాకు రైతు మాటే అన్నిటికంటే స్పష్టంగా తోచింది. 2023 మేలో రెండువేల నోటును చలామణి నుంచి ఉపసంహరించినప్పుడు, అది చట్టప్రకారం చెల్లుతూనే ఉంటుందని రిజర్వు బ్యాంకు చెప్పింది. చలామణి వేరు, చెల్లుబాటు వేరు అన్న ఆ తేడా తెలుగులో ఒక్క వాక్యంలో చెప్పగలిగాం. చెక్కు గడువు ఆరు నెలల నుంచి మూడు నెలలకు తగ్గింది 2012 ఏప్రిల్ 1న. ఆ తర్వాత వచ్చిన పాత చెక్కులకూ 'కాలం చెల్లింది' అన్న మాటే సరిపోయింది.

ప్రాంసరీ నోట్ల వెనక వైపు చూడటం నాకు అలవాటు. అప్పు తీసుకున్నవాడు కొంత కట్టినప్పుడల్లా అక్కడ ఒక వరుస రాసి సంతకం పెడతాడు. 'చెల్లు వేయడం' అంటారు దాన్ని. అలా రాసి ఇస్తే మూడేళ్ల గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది, 1963 లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం. గడువు దాటాక రాసిన వరుస మాత్రం పనికిరాదు, ఎంత ముద్దుగా రాసినా. బళ్లారి బజారు నోట్లలో ఒక వరుస 'చెల్లు' అని తెలుగు అక్షరాల్లో, దాని కింద వరుస 'సందిదె' అని కన్నడ అక్షరాల్లో ఉన్నవి నేను చూశాను. ఇద్దరు అన్నదమ్ములు కలిసి తీసుకున్న అప్పు, ఒకడు తెలుగు బడిలో, ఇంకొకడు కన్నడ బడిలో చదివారు. రెండు వరుసల్లో అంకెలు మాత్రం ఇంగ్లీషువే.