గుర్రపు రౌతు ఎత్తున నడవ

ఇటలీలోని బొలోన్యా నగరం 1288లో రాసుకున్న శాసనాలలో ఒక విచిత్రమైన నిబంధన కనిపిస్తుంది. వీధి పక్కన ఇల్లు కట్టే గృహస్థు తన సొంత స్థలంలో, తన సొంత ఖర్చుతో, ఇంటి ముందు స్తంభాల నడవ ఒకటి కట్టి దానిని బాటసారులకు వదిలిపెట్టాలి. గుర్రమెక్కిన మనిషి తల వంచకుండా సాగిపోయేటంతగా దాని కప్పు ఆ ఊరి కొలతలో ఏడడుగుల ఎత్తున, అంటే నేటి లెక్కలో సుమారు 2.66 మీటర్ల ఎత్తున ఉండాలి. నడవ అంటే ఇక్కడ ఒక పక్క గోడ, మరో పక్క స్తంభాల వరుస, పైన మేడ గదులు ఉండే నీడ దారి. నేల ఇంటివారిది, మరమ్మతు భారమూ ఇంటివారిదే, నడిచే హక్కు మాత్రం ఊరందరిది. ఫుట్‌పాత్ అనగానే రోడ్డులోంచి కోసి ఇచ్చిన ముక్కగా ఊహించుకునే నేటి పట్టణవాసికి, అది రోడ్డులోంచి గాక ఇంటిలోంచి పుట్టిందన్న సంగతి తలకిందులుగా తోచవచ్చు గాని, ఏడు శతాబ్దాలు దాటినా బొలోన్యాలో 62 కిలోమీటర్ల నడవలు నిలిచే ఉన్నాయి; యునెస్కో 2021లో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ నడవలలో అన్నిటికంటె పొడవైనది ఊరి నుండి సాన్ లూకా కొండ మీది మేరీమాత ఆలయానికి పోతుంది. 1674లో మొదలై మరుసటి శతాబ్దం చివరిదాకా సాగిన ఆ కట్టడంలో 666 కమానులున్నాయి. దాని పొడవు దాదాపు 3.8 కిలోమీటర్లు. ఎండలోను వానలోను కొండకు నడిచే భక్తులకు నీడ కల్పించడమే దాని ప్రయోజనం, చందాలు వేసుకున్నది ఊరివారే. గోల్కొండలో తానీషా ఏలుతున్న రోజులవి, పాల్వంచ పరగణా తహసీల్దారు కంచెర్ల గోపన్న పేరు భద్రాద్రి ఆలయంతో ముడిపడిన రోజులు కూడా అవే. గోదావరి ఒడ్డున గుడి లేచింది గాని, గుడికి నడిచేవాడి నెత్తిన నీడ మాత్రం నేటికీ పండుగ నాటి తాటాకు పందిరిగానే మిగిలింది.

మన దక్షిణాదికి ఈ ఊహ పూర్తిగా కొత్తదేమీ కాదు. హంపిలో విరూపాక్షాలయం ఎదుటి వీధికి ఇరువైపులా బారులు తీరిన రాతి మండపాలు అంగడికి, విశ్రాంతికి, ఉత్సవం చూడడానికి ఒకేసారి పనికివచ్చేవి. తరువాతి కాలంలో ఆ మండపాలలోనే కాపురాలు, దుకాణాలు వెలిశాయి. 2011లో ప్రభుత్వం వాటిని ఖాళీ చేయించింది. సామాన్యుడి ఇంటి దగ్గర ఇదే పనిని అరుగు చేసేది. వీధి గుమ్మానికి అటూ ఇటూ ఇంటివారి నేలలోనే మట్టితోనో రాతితోనో ఎత్తుగా కట్టి, పైన చూరు దించిన ఆ తిన్నె మీద ఎవరు కూర్చున్నా ఎందుకు కూర్చున్నావని అడిగేవారు లేరు. మూట దించుకొనే బాటసారి, పంచాంగం విప్పే అయ్యవారు, వాన వెలిసేదాకా నిలిచే గొర్రెల కాపరి, అందరూ అక్కడ సమానమే. రోడ్డు వెడల్పు చేయవలసి వచ్చిన ప్రతి ఊరిలోను మొదట పోయింది అరుగే. ఆ నష్టాన్ని ఏ నష్టపరిహారపు పట్టికా లెక్క కట్టలేదు.

బొలోన్యా తరువాత శతాబ్దాలు దాటి, అదే ఆలోచన తూర్పు సముద్రాలలో మళ్లీ తలెత్తింది. 1822లో సింగపూరు పట్టణ నిర్మాణానికి ఆదేశాలు రాసిన స్టాంఫర్డ్ రాఫెల్స్, ప్రతి ఇంటికీ ముందు వరండా ఉండాలనీ, ఆ వరండాలన్నీ కలిసి వీధి పొడవునా ఎడతెగని నీడ బాటగా సాగాలనీ షరతు పెట్టాడు. కాలక్రమంలో ఐదడుగుల దారి అని పేరుపడిన ఆ బాటలో బట్టలు, బుట్టలు, మంగలి పీటలు, వంట పొయ్యిలు చేరి నడిచేవారిని నడివీధిలోకి తోసేశాయి. 1888 ఫిబ్రవరిలో మునిసిపాలిటీ వాటిని తొలగించబోగా దుకాణాలు మూతపడ్డాయి, ట్రాములపై రాళ్లు పడ్డాయి. చరిత్రకారులు దీనిని వరండా అల్లర్లు అంటారు. మనిషి నడవడానికి సందు మిగిల్చితే చాలు, సరుకంతా తీయనక్కరలేదన్న రాజీతో గొడవ సద్దుమణిగింది. ఆక్రమణల తొలగింపు పేరిట బుల్డోజరు దిగే ఊళ్లలోని అధికారులు ఈ రాజీని ఒకసారి చదువుకోవడం మంచిది.

తెలంగాణలో ఈ కథకు అసలైన అధ్యాయం హైదరాబాదులోని పత్తర్‌గట్టి. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్న తరువాత, వరదకు విరుగుడు చెప్పడానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహా ఫలితమే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు. వరద వెనుకనే ప్లేగు వచ్చింది. ఇరుకు సందులే రోగానికి మూలమని తలచిన ఏడవ నిజాము ప్రభుత్వం 1912లో నగరాభివృద్ధి మండలిని, అంటే ఇళ్లు తీసి రోడ్లు వేసి మళ్లీ ఇళ్లు కట్టే అధికారం గల సంస్థను స్థాపించింది. తరువాత నిజాము రెండవ కుమారుడు మొజం జా దానికి అధ్యక్షుడయ్యాడు. మూసీ నుండి చార్మినారుకు పోయే రాజమార్గాన్ని వెడల్పు చేసినప్పుడు ఆ మండలి విరిగిన ఇళ్ల స్థానంలో ఎవరికి తోచినట్లు వారిని కట్టుకోనీయలేదు. రోడ్డు పొడవునా ఒకే తీరున కమానుల వరుస నిలిపి, వాటి వెనుక నడవ, నడవ వెనుక దుకాణం, పైన నివాసం వచ్చేటట్లు రాతితో కట్టించింది.

ఇందులోని తెలివి దగ్గరగా చూస్తేనే తెలుస్తుంది. కమాను స్తంభం మందంగా ఉండడం వల్ల బండి చక్రం నడవలోకి ఎక్కలేదు. నడవ కప్పు కింద మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉండడం వల్ల పెళ్లిబట్టలు, ముత్యాలు, అత్తరు కొనవచ్చినవారు తొందరపడకుండా అంగడి తరువాత అంగడి చూస్తూ పోగలిగారు, వ్యాపారికి లాభించిందీ అదే. కాబట్టి నడిచేవాడికి చోటిస్తే బేరం పోతుందన్న వాదన ఆ వీధిలో పుట్టక ముందే ఓడిపోయింది. విచారమేమంటే, ఆ వ్యాపారుల వారసులే క్రమంగా నడవలోకి బల్లలు జరిపి, కమానులకు చీరలు వేలాడదీసి, నడవను దుకాణంలో కలిపేసుకున్నారు. ఇంత ఖర్చుపెట్టి కట్టిన నీడ దారిని ఇంత సులువుగా జారవిడుచుకున్న నగరం, చార్మినారు చుట్టూ వాహనాలు ఆపి రాళ్లు పరిచే పాదచారుల పథకాన్ని దశాబ్దాల తరబడి సాగదీయవలసి రావడంలో వింత లేదు.

నేటి కొలతలు వేరు. భారత రోడ్డు కాంగ్రెసు 2012లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద ఏ అడ్డంకీ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, ఎత్తు 2.2 మీటర్లు ఉండాలి; రెండు చక్రాల కుర్చీలు ఎదురుపడి దాటుకోవడానికి ఆ వెడల్పు చాలుతుంది. గుర్రపు రౌతు స్థానంలోకి చక్రాల కుర్చీ రావడం నిజంగా గొప్ప మార్పే. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025లో చెప్పింది. తోపుడు బండ్లవారికి రక్షణనిచ్చే 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం మాత్రం పట్టణాలను ఉద్దేశించినది.

భద్రాద్రికి గోదావరి అవతలి ఒడ్డునున్న సారపాక చిక్కు అక్కడే ఉంది. కాగితపు మిల్లు 1979లో ఉత్పత్తి మొదలుపెట్టింది మొదలు ఆ ఊరు చూపులకు పట్టణమే అయినా, అది అయిదవ షెడ్యూలు ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణకు ప్రత్యేక పాలన గల నేల. రాజ్యాంగంలోని మునిసిపాలిటీల భాగం, 243-జెడ్‌సి అధికరణం ప్రకారం, పార్లమెంటు వేరే చట్టం చేస్తే తప్ప అటువంటి చోట వర్తించదు. ఆ కట్టుబాటు అనవసరమని ఎవరూ అనలేరు గాని, పట్టణమంత రద్దీని పంచాయతీ మోయవలసి రావడం మాత్రం నిజం. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన గోదావరి వంతెన రాకముందు పడవ దిగి గుడికి నడిచిన యాత్రికుడు, వంతెన వచ్చాక జామాయిల్ దుంగల లారీలు, బస్సులు, ఆటోలతో దారి పంచుకోవలసి వచ్చింది. 2024లో వాడుకలోకి వచ్చిన రెండవ వంతెన వాహనాల వరుసను చీల్చింది గాని, సారపాక సెంటరులో నడిచేవాడికి దొరికేది ఇంకా తారు అంచుకూ దుకాణపు రేకుకూ మధ్యనున్న మట్టి మార్జినే.

అయితే ఇటువంటి ఊరికి బొలోన్యా పద్ధతి కోట్ల ఖర్చు కోరదు. రోడ్డు వైపు కొత్తగా లేచే ప్రతి మేడకూ పంచాయతీ అనుమతి కావాలి, ముందు సెట్‌బ్యాక్‌గా కొంత చోటు వదలాలి. ఆ వదిలిన చోట మెట్లు, ర్యాంపులు, జనరేటర్లు దిగకుండా పై అంతస్తు కింద 1.8 మీటర్ల నడవగా వదలాలని అనుమతి కాగితంలోనే షరతు రాస్తే, పక్క మేడ నడవతో అది కలుస్తుంది. గోదావరి పుష్కరాలు 2027లో మళ్లీ వస్తున్నాయి. అప్పటికి నాలుగు మేడల పొడవున కలిసినా చలువ పందిళ్ల గుత్తేదారుకు అంతమేరకు తాటాకు తగ్గుతుంది.