ఎముక మజ్జ మూలకణాలు

ఎముక మజ్జలో ఉంటూ జీవితాంతం రక్తకణాలను ఉత్పత్తి చేసే కణాలను రక్త మూలకణాలు అంటారు. సూక్ష్మదర్శినిలో ఇవి లింఫోసైట్లను పోలి ఉండుట వలన రూపాన్ని బట్టి గుర్తించడం సాధ్యం కాదు. కావున కణ ఉపరితలంపై గల సీడీ34 అనే ప్రోటీను ఆధారంగా గుర్తిస్తారు. ఈ ప్రోటీను గల కణాలు మజ్జలో సుమారు 1 నుండి 3 శాతం. నిజమైన మూలకణాలు వాటిలో కొన్ని మాత్రమే.

వేరుచేసే విధానం

దాత తుంటి ఎముక నుండి సూదితో తీసిన మజ్జకు, గడ్డకట్టకుండా హెపారిన్ కలుపుతారు. దానిని ఫైకాల్ ద్రావణంపై పోసి అపకేంద్ర యంత్రంలో తిప్పితే ఎర్రకణాలు అడుగుకు చేరి, మూలకణాలు గల పొర పైన నిలుస్తుంది. సీడీ34కు అతుక్కునే ప్రతిరక్షకాలు గల అయస్కాంత రేణువులతో ఆ పొర నుండి వాటిని వేరుచేస్తారు.

చికిత్స

చిత్తూరుకు సమీపాన తమిళనాడులోని రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1986లో మజ్జ మార్పిడి ప్రారంభమైంది. మార్పిడికి సాధారణంగా రోగి బరువులో ప్రతి కిలోకు కనీసం 20 లక్షల సీడీ34 కణాలు అవసరం. తక్కువైతే రక్తోత్పత్తి ఆలస్యమై ప్రాణాపాయం కలగవచ్చు.