డాల్డా డబ్బా, ఫైటర్ జెట్, మధ్యలో ఒక నికెల్ పొడి

మాది తనకల్లు, శెనక్కాయ పండే సీమ. ఈరోజు టాపిక్ గాలి తగిలితే అంటుకునే లోహం. కానీ నూనె దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

1937లో డాల్డా వచ్చింది. అప్పట్లో మన దేశంలో వనస్పతికి ముఖ్యమైన ముడిసరుకు శెనక్కాయ నూనే. నూనెకి హైడ్రోజన్ పట్టిస్తే అది నెయ్యిలా పేరుకుంటుంది. దానికి కేటలిస్ట్‌గా నికెల్ కావాలి.

అమెరికాలో పత్తిగింజల నూనెతో ఇదే పని చేసే కంపెనీలో పనిచేసినవాడు మర్రే రేనీ. కెమిస్ట్ కాదండీ, మెకానికల్ ఇంజనీర్! నికెల్, అల్యూమినియం కలిపి కరిగించి, ఆ మిశ్రమాన్ని కాస్టిక్ సోడాలో వేశాడు. అల్యూమినియం కరిగిపోయి, స్పాంజిలాంటి నికెల్ మిగిలింది. 1927లో పేటెంట్ వచ్చింది.

ఆ రంధ్రాల లోపలి గోడలన్నీ కలిపి కొలిస్తే ఒక్క గ్రాములో సుమారు 100 చదరపు మీటర్లు. మన లెక్కలో రెండున్నర సెంట్ల జాగా! అంత జాగాకి ఒకేసారి ఆక్సిజన్ తగిలితే, పుట్టిన వేడి బయటికి పోయే టైమ్ ఉండదు. పొడి అంటుకుంటుంది. అందుకే దాన్ని నీళ్లలో ఉంచుతారు.

తర్వాత ఇదే కిటుకుని యుద్ధ విమానాలకి వాడారు. పల్చటి ఉక్కు రేకు మీద ఇనుము-అల్యూమినియం పూత వేసి, వేడి చేసి, కాస్టిక్‌లో కడిగితే రంధ్రాల ఇనుప పూత తయారు. గాలి చొరకుండా ప్యాక్ చేస్తారు. వేడిని వెతుక్కుంటూ మిసైల్ వస్తుంటే విమానం ఆ రేకుల్ని వదులుతుంది. మెగ్నీషియం ఫ్లేర్ కళ్లు చెదిరేలా మండుతుంది, కొత్త మిసైళ్లు దాన్ని గుర్తుపట్టేస్తాయి. ఈ రేకులు పెద్దగా వెలుగు లేకుండా, ఇంజిన్ మాదిరి వేడిని చిమ్ముతాయి. మన ఇంటి గేటు ఏళ్లతరబడి తుప్పు పట్టేది ఉంది చూడండి, దాదాపు అదే రియాక్షన్, క్షణాల్లో.

జెట్ల కథ బాగుంటుంది గానీ, నాకు ముఖ్యమనిపించేది వేరే. హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ యూనిట్లలో హైడ్రోజనేషన్‌కి రేనీ నికెల్ ఇప్పటికీ వాడతారు. మన పిల్లలు అలాంటి చోట్ల నైట్ షిఫ్టులు చేస్తుంటారు. రియాక్షన్ అయ్యాక ఫిల్టర్‌లో మిగిలేది "వాడేసిన కేటలిస్ట్". పేరుకి వాడేసిందే, ఆరితే మాత్రం అంటుకుంటుంది. పక్కనే మెథనాల్ ఆవిరి ఉంటే ఇంకేం కావాలి? కాబట్టి ఫిల్టర్ విప్పే ముందు నైట్రోజన్, తీసిన వెంటనే నీళ్లు. గుడ్డతో తుడిస్తే ఆ గుడ్డ కూడా నీళ్లలోకే, చెత్తడబ్బాలోకి కాదు.